కొలంబస్‌లో ఓ పాత బకాయి

కొలంబస్ విమానాశ్రయంలో మా అల్లుణ్ని గుర్తుపట్టడానికి అట్టే సేపు పట్టలేదు. సామాన్ల బెల్టు దగ్గర నిలబడ్డ జనంలో సగం మందివి ఎర్ర చొక్కాలే. వాళ్ల మధ్యలో కాల్చిన ఇటుకకీ నారింజపండుకీ మధ్య రంగులో రెండంటే రెండు చొక్కాలు. ఒకటి అల్లుడిది. రెండోది తొమ్మిదేళ్ల మనవడిది.

అది 2025 ఆగస్టు 29, శుక్రవారం. మర్నాడు మధ్యాహ్నం 12 గంటలకి ఈ ఊళ్లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకీ, టెక్సాస్ యూనివర్సిటీకీ ఫుట్‌బాల్ మ్యాచ్. రెండు జట్లకీ సీజన్‌లో అదే మొదటి ఆట. ట్రాలీ తోసుకెళ్తున్న ఒకాయన మావాడి చొక్కా చూసి ఆగాడు. ‘‘మా ఊరికి స్వాగతం బాబూ! రేపు సాయంత్రం కూడా ఇలాగే నవ్వుతూ ఉండాలి మరి’’ అని కన్నుగీటి వెళ్లిపోయాడు.

బయట కారు దగ్గర మా అబ్బాయి నిలబడి ఉన్నాడు. ఎర్ర చొక్కాలో.

‘‘ప్రయాణం బాగా జరిగిందా బావా?’’

‘‘ఆఁ, బానే జరిగింది.’’

అంతే. ఎనిమిది నెలల తర్వాత బావా బావమరుదులు మాట్లాడుకున్న మాటలు అవి రెండే. ఇంటికెళ్లేదాకా కార్లో మనవడి గొంతు తప్ప ఇంకోటి వినపడలేదు. మా అమ్మాయి నాకేసి చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇంతకీ ఈ మౌనం వెనక ఆస్తి తగాదా లేదు, మాట పట్టింపు లేదు. ఉన్నదల్లా ఒక గజం. అక్షరాలా మూడడుగుల నేల!

* * *

గజం విలువెంత?

మన దగ్గర గజం విలువ స్థలాలు కొనేవాళ్లకి తెలుసు. అమెరికాలో గజం విలువ తెలియాలంటే ఫుట్‌బాల్ చూడాలి.

ఇది మనం అనుకునే కాలిబంతి కాదు. బంతి కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. ఎక్కువగా చేతుల్తోనే పట్టుకుని పరిగెడతారు, లేదంటే విసురుతారు. జట్టుకి పదకొండు మంది. మైదానం పొడవు 100 గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలిస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకెళ్తే మళ్లీ కొత్తగా నాలుగు. వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్లది. అలా గజం గజం సంపాదించుకుంటూ చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ వెంటనే గోల్ స్తంభాల మధ్యలోంచి బంతిని తంతే ఇంకొకటి. అడ్డుకునేవాళ్లని చూస్తే మాత్రం మన కబడ్డీయే గుర్తొస్తుంది. కాకపోతే వీళ్లు శిరస్త్రాణాలు పెట్టుకున్న కబడ్డీ వీరులు.

మొదట్లో నాకూ అర్థం కాలేదు. ఆడేది కాలేజీ పిల్లలు. చూసేది లక్షమంది! ఆ లక్షమందిలో ఆ కాలేజీలో చదివినవాళ్లు కొందరే. మిగతావాళ్లు ఊరివాళ్లు, ఊరివాళ్ల చుట్టాలు. కొలంబస్ ఒహాయో రాష్ట్రానికి రాజధాని. 2020 లెక్కల ప్రకారం 9 లక్షల పైచిలుకు జనాభా. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్లు ఇదే రాష్ట్రంలో క్లీవ్‌లాండ్‌కీ, సిన్సినాటీకీ ఉన్నాయి. కొలంబస్‌కి లేదు. అందుకని ఊరి ప్రేమంతా యూనివర్సిటీ జట్టు మీదే. ఆస్టిన్‌దీ అదే కథ. అదీ టెక్సాస్ రాజధానే. అక్కడా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు లేదు.

మా అల్లుడు ఆస్టిన్‌లో ఎమ్మెస్ చేశాడు. అక్కడే ఉద్యోగం, అక్కడే ఇల్లు. మా అబ్బాయి కొలంబస్‌లో ఎమ్మెస్ చేశాడు. ఇక్కడే ఉద్యోగం, ఇక్కడే ఇల్లు. ఇక తగాదా రాకుండా ఉంటుందా?

* * *

సంక్రాంతికి మోగని ఫోన్

2025 జనవరి 10. జాతీయ చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో ఈ రెండు జట్లే తలపడ్డాయి. మ్యాచ్ డల్లాస్ పక్కన ఆర్లింగ్టన్‌లో. అల్లుడు మనవణ్ని తీసుకుని ఆస్టిన్ నుంచి మూడు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాడు.

ఆట చివరికొచ్చింది. ఒహాయో 21, టెక్సాస్ 14. బంతి టెక్సాస్ చేతిలో ఉంది. గీతకి సరిగ్గా ఒక గజం దూరంలో! నాలుగు ప్రయత్నాలు. ఒక గజం. మొదటిసారి కదల్లేదు. రెండోసారి పక్కకి పరిగెత్తబోయి ఏడు గజాలు వెనక్కి పోయారు. మూడోసారి విసిరిన బంతి ఎవరికీ అందలేదు. నాలుగోసారి క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఈవర్స్ చేతిలోంచి బంతిని ఒహాయో ఆటగాడు జాక్ సాయర్ ఊడగొట్టి, తనే అందుకుని అవతలి గీతదాకా 83 గజాలు పరిగెత్తాడు. అయిపోయింది. 28-14.

విచిత్రమేంటంటే ఈవర్స్, సాయర్ ఒకప్పుడు ఒకే గదిలో ఉన్నవాళ్లు. ఈవర్స్ టెక్సాస్ కుర్రాడే. 2021లో ముందు ఒహాయో స్టేట్‌లో చేరి, తర్వాత సొంత రాష్ట్రానికి వెళ్లిపోయాడు. సాయర్‌ది కొలంబస్ పక్క ఊరే.

ఆ క్షణంలోనే మా అబ్బాయి ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. ‘‘బావా, మీవాళ్లకి గజం స్థలం కావాలా? వాయిదాల్లో ఇప్పిస్తాను.’’

మేమందరం నవ్వాం. నేను కూడా. పది నిమిషాల తర్వాత అల్లుడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నాలుగు రోజులకి సంక్రాంతి. ఏటా పండగ పొద్దున్నే బావమరిదికి ఫోన్ చేసి ‘ఏరా, గారెలు తిన్నావా’ అని అడిగే మనిషి ఆ ఏడాది చెయ్యలేదు. మావాడూ చెయ్యలేదు. ‘ఆటని ఆటలా తీసుకోవాలిగా’ అని వీడు. అటువైపు నుంచి ఒక్క మాట లేదు. ఉగాది వెళ్లింది. వేసవి వెళ్లింది. ఒహాయో స్టేట్ ఆ జనవరి 20న నోటర్‌డామ్ జట్టుని 34-23తో ఓడించి జాతీయ చాంపియన్ కూడా అయింది. మా ఇంట్లో మాత్రం ఆ గజం అలాగే ఉండిపోయింది.

మేమిద్దరం ఆరు నెలలు ఉందామని కొలంబస్ వచ్చాక, మా అమ్మాయే ఈ ఏర్పాటు చేసింది. సోమవారం లేబర్ డే సెలవు. నాలుగు టిక్కెట్లు అబ్బాయి సంపాదించాడు. ‘‘వాళ్లిద్దరి మధ్యా మీరు కూర్చోండి నాన్నా’’ అంది. అంపైర్ ఉద్యోగమన్నమాట!

* * *

గుర్రపునాడా నీడలో

సాయంత్రం యూనివర్సిటీకి వెళ్లాం. కొలంబస్ చూడాలనుకునేవాళ్లు మ్యాచ్ ముందురోజు సాయంత్రం చూడాలి. హై స్ట్రీట్ పొడుగునా ఎర్ర జెండాలు. ఎక్కడో ఒకళ్లు ‘ఓ-హెచ్’ అని అరుస్తారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు అవతలి ఫుట్‌పాత్ మీంచి ‘ఐ-ఓ’ అని బదులిస్తారు. రాష్ట్రం పేరులో నాలుగక్షరాలే. ఇద్దరు మనుషులు చెరి రెండూ పంచుకుంటేగానీ పేరు పూర్తి కాదు. నాకు అది నచ్చింది.

ఈ జట్టుని ‘బకాయ్స్’ అంటారు. మా ఆవిడ మొదటిసారి విన్నప్పుడు ‘‘బకాయిలేంటి, ఎవరికి బాకీ?’’ అంది. బకాయ్ అనేది ఒక చెట్టు. ఒహాయో రాష్ట్ర వృక్షం. దాని గింజ నున్నగా, ముదురు గోధుమరంగులో ఉండి, మీద లేతరంగు మచ్చ ఉంటుంది. మగ జింక కన్నులా ఉంటుందని ఆ పేరు. పచ్చిగా తింటే విషం. జేబులో ఉంచుకుంటే అదృష్టం అని నమ్మకం. దాని రూపంలోనే వేరుశెనగ ముద్దని చాక్లెట్‌లో ముంచి మిఠాయి చేస్తారు. అది మాత్రం నిక్షేపంగా తినొచ్చు.

ఒలెన్‌టాంజీ నది ఒడ్డున స్టేడియం. గుర్రపునాడా ఆకారంలో కాంక్రీటు కట్టడం. అందుకే ‘హార్స్‌షూ’ అంటారు. 1922లో తెరిచారు. అప్పట్లో ఊరి జనాభా రెండున్నర లక్షల లోపే. అరవై ఆరు వేల సీట్లతో కడుతుంటే అవి నిండుతాయా అని అనుమానపడ్డవాళ్లూ ఉన్నారట. ఇవాళ సీట్లు 1,02,780. అయినా టిక్కెట్లు దొరకవు. ఉత్తరం వైపు ముఖద్వారం పైన రోమ్ నగరంలోని పాంథియన్‌ని చూసి కట్టిన అర్ధగోళం. గుడి గోపురం కింద నిలబడ్డట్టే తల పైకెత్తి చూశాం.

అల్లుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నాతో నెమ్మదిగా అన్నాడు.

‘‘మామయ్యా, నాకు ఈ ఆట మొదలైంది ఈ స్టేడియంలోనే. నేను ఇక్కడ లేను, ఆస్టిన్‌లో ఉన్నాను. 2005 ఆగస్టులో దిగాను. సెప్టెంబర్ 10న మా జట్టు ఇక్కడికొచ్చి ఆడింది. రూమ్మేట్లు చూస్తుంటే నేనూ కూర్చున్నాను. ఒక్క రూలూ తెలీదు. ఇంకో రెండున్నర నిమిషాలుందనగా విన్స్ యంగ్ విసిరిన బంతితో మావాళ్లు గెలిచారు. 25-22. బయటికొస్తే ఊరు ఊరంతా రోడ్ల మీదే. అప్పటికి ఆ ఊళ్లో నాకు తెలిసినవాళ్లు నలుగురు. ఆ రాత్రి ఎవరెవరో నా భుజం మీద చెయ్యేసి నడిచారు. మనం గెలిచాం అన్నారు. ఆ ‘మనం’ అన్నమాట అమెరికాలో నేను వినడం అదే మొదలు.’’

మా అబ్బాయి రెండడుగులు ముందు నడుస్తున్నాడు. వినపడిందో లేదో తెలీదు. కానీ నడక నెమ్మదించింది. వాడు ఇక్కడ చేరింది 2014 ఆగస్టులో. చేరిన ఏడాదే, అంటే 2015 జనవరిలో, ఒహాయో స్టేట్ జాతీయ చాంపియన్ అయింది. వాడి ‘మనం’ కథ కూడా ఇలాంటిదే అయ్యుంటుంది. నేనెప్పుడూ అడగలేదు.

* * *

పొగడ్తలు నిషిద్ధం

రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి ఒక షరతు పెట్టింది. ‘‘మ్యాచ్ గురించి మాట్లాడుకోండి. కానీ ఎవరి జట్టుని వాళ్లు పొగుడుకోకూడదు. అవతలి జట్టులో మీకు భయం పుట్టించేది ఏంటో చెప్పండి.’’

గుత్తివంకాయ కూర గిన్నె ఇద్దరికీ మధ్యలో ఉంది. ముందు అల్లుడే మొదలెట్టాడు.

‘‘జెరమయా స్మిత్. జనవరిలో మావాళ్లు అతనికి ఒక్క క్యాచ్, మూడు గజాలు మాత్రమే ఇచ్చారు. అందరూ దాన్ని మా గొప్ప అంటారు. కానీ ఒక్కణ్ని ఆపడానికి ఇద్దరేసి కాపలా కాశారు. అక్కడ ఇద్దరుంటే ఇంకోచోట ఖాళీ. ఆ ఖాళీల్లోంచే మీరు గెలిచారు. రేపు కూడా స్మిత్ కొట్టడు. స్మిత్‌ని చూస్తూ మేం మర్చిపోయిన ఇంకెవడో కొడతాడు.’’

మావాడు తల పైకెత్తాడు. అల్లుడు ఆగలేదు. ‘‘రెండోది, మీ డిఫెన్స్ కోచ్ మాట్ పట్రీషియా. కొత్తగా వచ్చాడు. ఏళ్లతరబడి ప్రొఫెషనల్ జట్లతో పనిచేసినవాడు. మాకు అతని కాలేజీ ఆట వీడియో ఒక్కటీ లేదు. వెనకాల కేలబ్ డౌన్స్. మా క్వార్టర్‌బ్యాక్ ఏం చూస్తాడో ముందే చదివేస్తాడు. మూడోది ఈ లక్షమంది గోల. మావాడు కేకేసినా పక్కవాడికి వినపడదు.’’

‘‘నీకు మా జట్టు నాకంటే బాగా తెలుసే’’ అన్నాడు మావాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

‘‘జనవరి నుంచీ చదువుతున్నానుగా.’’

ఇష్టపడేవాడు తన జట్టులో మంచిని చూస్తాడు. భయపడేవాడు మొత్తం చూస్తాడు. ప్రత్యర్థి జట్టు అభిమానితో గంటసేపు కూర్చుంటే మన జట్టు గురించి మనకి తెలుస్తుందని ఆ రాత్రి నాకర్థమైంది.

ఇక మావాడి వంతు. ‘‘ఆర్చ్ మానింగ్. తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై, ముగ్గురూ పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లు. మూడు తరాల వంట, రుచి ఎలా ఉంటుందో రేపు తెలుస్తుంది. మీరు సీజన్ ముందు ర్యాంకుల్లో మొట్టమొదటిసారి నంబర్ 1. మేం 3. కిందటేడు మా జట్టులోంచి 14 మందిని ప్రొఫెషనల్ లీగ్ పట్టుకుపోయింది. మా క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్‌కి మొదటి ఆట మొదలుపెట్టడం రేపే. మీ కాలిన్ సిమన్స్, ఆంథొనీ హిల్ వాడి మీదకి దూకితే... నాకు నిద్ర పట్టదు.’’

‘‘ఇంకోటి చెప్పనా?’’ అన్నాడు అల్లుడు. ‘‘2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగేళ్లు మిషిగన్ చేతిలో ఓడిపోయారు. చాంపియన్లయిన ఏడాది కూడా! అదే మీ బలహీనత అని అందరూ అంటారు. నాకు మాత్రం అందుకే భయం. దెబ్బతిన్నవాడు ఇంట్లో ఆడేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు.’’

డబ్బు సంగతీ వచ్చింది. 2025 జులై నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వొచ్చు. ఒక్కో యూనివర్సిటీకి మొదటి ఏడాది పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. కుర్రాళ్లు ఏటా జట్లు మారిపోతున్నారు. సేయిన్, డౌన్స్ ఇద్దరూ అలబామా నుంచి వచ్చినవాళ్లే. ‘‘మరి ‘మన కుర్రాళ్లు’ అనేది ఎవర్నిరా?’’ అని అడిగాను. ఇద్దరూ ఒకేసారి ‘‘చొక్కాని’’ అన్నారు. ఎనిమిది నెలల్లో ఇద్దరి నోటా ఒకే మాట!

స్కోర్లు చీటీల మీద రాసి ఆవకాయ జాడీ కింద పెట్టాం. అబ్బాయి 24-17 ఒహాయో. అల్లుడు 20-17 టెక్సాస్. మనవడు 100-0 టెక్సాస్.

వాడి చీటీ చూసి మావాడు నవ్వుతూ, ‘‘ఒరేయ్, జనవరిలోనూ ఇలాగే రాశావా?’’ అన్నాడు.

మనవడు నవ్వలేదు. ‘‘మామయ్యా, గజం స్థలం అంటే ఏంటి?’’ అన్నాడు.

బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. అల్లుడు మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టి, తగ్గు గొంతుతో చెప్పాడు. ‘‘ఆ రోజు పార్కింగ్‌లోంచి కారు తీస్తున్నాను. వీడు పక్కసీట్లో వెక్కుతున్నాడు. ఫోన్ మోగితే, మామయ్య మెసేజ్ పెట్టాడు నాన్నా, నేను చదువుతాను అన్నాడు. నువ్వు ఓదారుస్తావనుకున్నాడు. గూగుల్‌లో పెట్టుకుని తెలుగు చదివి, అర్థం కాక నన్నడిగాడు. నా మీద జోకు నాకు లెక్కలేదురా. వీడికి ఏం చెప్పాలో తెలీలేదు.’’

మా అబ్బాయి మొహం చూడలేకపోయాను. కూరగిన్నె మీద మూత సరిచేస్తున్నాడు. సరిగ్గానే ఉన్న మూతని. ‘‘నాకు తెలీదు బావా’’ అన్నాడు చివరికి. ఆ రాత్రి మామా మేనల్లుడూ మేడమీద చాలాసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో మేం అడగలేదు. పొద్దున చూస్తే వాడి జేబులో ఒక బకాయ్ గింజ ఉంది.

* * *

మళ్లీ అదే గజం

శనివారం. తెల్లవారకముందే ఊరు లేచింది. పార్కింగ్ స్థలాల్లో కార్ల డిక్కీలు తెరిచి పొయ్యిలు వెలిగించేశారు. తిరనాళ్లలో బళ్లు కట్టుకొచ్చినవాళ్లు చెట్టుకింద వంటలు చేసుకున్నట్టే ఉంటుంది. దీన్ని టెయిల్‌గేటింగ్ అంటారు. నారింజ చొక్కాలు చూసి కోప్పడ్డవాళ్లు లేరు. ‘‘రండి, ముందు తినండి, తర్వాత ఓడిపోదురుగాని’’ అన్నారు ఒకచోట.

ఆ రోజు ఇంకో విశేషం. టీవీలో కాలేజీ ఫుట్‌బాల్ జోస్యాలు చెప్పే లీ కోర్సోకి అదే చివరి కార్యక్రమం. వయసు 90. గెలుస్తుందనుకున్న జట్టు బొమ్మ తలకాయని నెత్తిన పెట్టుకోవడం ఆయన అలవాటు. మొదటిసారి అలా పెట్టుకున్నది 1996లో, ఈ కొలంబస్‌లోనే, బకాయ్ బొమ్మ బ్రూటస్ తలని. చివరిరోజు కూడా ఆ తలే పెట్టుకున్నాడు. అల్లుడు నుదురు కొట్టుకున్నాడు.

చేతిసంచులు లోపలికి రానివ్వరు. లోపలి వస్తువులు కనపడే పారదర్శకమైన సంచులైతేనే అనుమతి. కాబట్టి మా ఆవిడ కట్టిన పులిహోర కార్లోనే ఉండిపోయింది.

ఇక్కడి బ్యాండు గురించి చెప్పకపోతే తప్పు. రెండొందల మందికి పైగా పిల్లలు. అన్నీ ఇత్తడి వాయిద్యాలు, డప్పులే. వాయిస్తూ ఒకరి వెనక ఒకరు నడుస్తూ ‘ఒహాయో’ అని ఇంగ్లిషులో కలిపిరాత రాస్తారు. 1936 నుంచీ ఉన్న ఆచారం. చివర్లో ‘ఐ’ అక్షరం మీద చుక్క మిగులుతుంది. పెద్ద బాకా మోసే సీనియర్ కుర్రాడొకడు గెంతుతూ వెళ్లి ఆ చుక్కయి నిలబడతాడు. నాలుగేళ్లు మోసిన బరువుకి దక్కే బహుమానం ఒక చుక్క!

టెక్సాస్‌వాళ్లకీ గుర్తుంది. చూపుడువేలు, చిటికెనవేలు పైకెత్తి, మధ్యవేళ్లు రెండింటినీ బొటనవేలితో నొక్కిపెడతారు. వాళ్ల లాంగ్‌హార్న్ ఎద్దు కొమ్ములన్నమాట. కూచిపూడి నేర్చుకున్న మా అమ్మాయి దాన్ని ‘దాదాపు సింహముఖ హస్తం’ అంటుంది. మనవడు ఆ హస్తంతోనే నా పక్కన కూర్చున్నాడు. వాడికి అటుపక్క వాళ్ల నాన్న. నాకు ఇటుపక్క మావాడు.

ఆట మొదలైంది. రెండో క్వార్టర్‌లో ఒహాయో ఆటగాడు డొనాల్డ్‌సన్ ఒక గజం దూరం నుంచి తోసుకుని గీత దాటాడు. 7-0. మూడో క్వార్టర్‌లో టెక్సాస్ తరుముకొచ్చింది. నాలుగో ప్రయత్నం. గీతకి దూరం... ఒక గజం!

లక్షమంది లేచి నిలబడ్డారు. చెవులు గింగిర్లెత్తాయి. అల్లుడు కళ్లు మూసుకున్నాడు. మానింగ్ బంతి పట్టుకుని మనుషుల గోడలోకి దూరాడు. గోడ కదల్లేదు.

నేను మావాడికేసి చూశాను. చుట్టూ అందరూ గాల్లోకి లేస్తుంటే వాడు చప్పట్లు కొట్టబోయి, చేతులు అలాగే ఆపి, మేనల్లుడికేసి చూశాడు.

నాలుగో క్వార్టర్‌లో సేయిన్ 40 గజాల బంతి విసిరాడు. పట్టింది జెరమయా స్మిత్ కాదు. కార్నెల్ టేట్! 14-0. ‘‘చెప్పానా, ఇంకెవడో కొడతాడని’’ అన్నాడు అల్లుడు. ఓడిపోతూ కూడా జోస్యం నిజమైనందుకు చిన్న సంతోషం. ఇంకో మూడున్నర నిమిషాలుందనగా లివింగ్‌స్టోన్ టచ్‌డౌన్‌తో టెక్సాస్ 14-7కి వచ్చింది. బంతి మళ్లీ చేతికొచ్చింది. మళ్లీ నాలుగో ప్రయత్నం. మళ్లీ చాలని దూరం. గజాల మొత్తం లెక్క చూస్తే టెక్సాసే ఎక్కువ సంపాదించింది. కావలసిన చోట మాత్రం దొరకలేదు.

14-7. ఆవకాయ జాడీ కింద ఎవరి చీటీలోనూ లేని స్కోరు.

గెలిస్తే స్టేడియంలో గంట మోగిస్తారు. గంట మోగుతుండగా ఆటగాళ్లూ, జనమూ భుజాల మీద చేతులేసుకుని యూనివర్సిటీ పాట పాడారు. మనవడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, కానీ ఏడవట్లేదు. మావాడు నన్ను దాటి అటు వెళ్లాడు. మేనల్లుణ్ని పైకెత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. తొమ్మిదేళ్లవాడు, బరువే. ‘‘స్టేడియం మొత్తం ఎలా ఉందో పైనుంచి చూడు. ఇదే జట్టు ఆస్టిన్ వచ్చినప్పుడు మీ స్టేడియం నాకు నువ్వు చూపించాలి’’ అన్నాడు. తిరుగు మ్యాచ్ 2026 సెప్టెంబర్‌లో ఆస్టిన్‌లో అని రెండు యూనివర్సిటీలూ ముందే రాసుకున్నాయి.

ఎర్రచొక్కా భుజాల మీద నారింజ చొక్కా. మా వెనక వరసలో ఒక పెద్దావిడ ఆ ఇద్దర్నీ చూసి, తన సంచిలోంచి బకాయ్ మిఠాయి తీసి వాడి చేతిలో పెట్టింది. ‘‘విషం లేనిదే బాబూ’’ అంది.

సాయంత్రం కారు దగ్గర నిలబడి చల్లారిన పులిహోర తిన్నాం. మా అబ్బాయి ఫోన్ తీసి, ఫ్యామిలీ గ్రూపులోకి బావని మళ్లీ చేర్చాడు. మెసేజ్ ఏమీ పెట్టలేదు.

2026 సంక్రాంతి పొద్దున్న మా ఆవిడ గారెలు వేస్తుండగా ఫోన్ మోగింది. ఈసారి చేసింది బావమరిదే. ‘‘బావా, గారెలు తిన్నావా?’’